సర్వే వలను బాగుచేయకండి

సముద్రం అడుగున తిరిగే చేపల నిల్వ ఇన్ని వేల టన్నులని నివేదికలో ఒక అంకె కనబడగానే ఎవరో లెక్కపెట్టి చెప్పారనుకుంటాం. ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక నౌక కొన్ని వందల చోట్ల అరగంట చొప్పున వలను అడుగు మీద ఈడ్చింది. పడిన చేపను తూచారు. ఆ తూకాన్ని సముద్రం మొత్తానికి సాగదీశారు. ఎంత సాగదీశారో తెలిస్తే కొంచెం భయమేస్తుంది. అలాస్కా పక్కనున్న తూర్పు బేరింగ్ సముద్రపు సర్వేలో 20 నాటికల్ మైళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గడికి ఒక ఈడ్పు చొప్పున వేస్తారు. ఆ గడి వైశాల్యం 1,372 చదరపు కిలోమీటర్లు. వల ఊడ్చేది ఒక చదరపు కిలోమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంటే గడిలో సుమారు 29 వేలవ వంతును చూసి మిగతాదంతా చెబుతున్నాం.

ఇంత చిన్న చూపుతో పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. ఒకే ఒక్క షరతు: ఆ చూపు ఏటేటా మారకూడదు. ఈ వ్యాసంలో నా వాదనంతా ఇదే. ట్రాల్ సర్వే విలువ వల ఎంత బాగా పడుతుందన్న దాంట్లో లేదు, నిరుడు ఎలా పట్టిందో ఈ ఏడూ అలాగే పట్టడంలో ఉంది. వాణిజ్య ట్రాలర్ల సరంగులకు సర్వే వలను చూస్తే నవ్వొస్తుంది. "ఈ పాత వలకేం పడతాయి? మా వల తీసుకుని, మేం చెప్పిన చోట వేయండి, ఇంతకు నాలుగింతలు చూపిస్తాం" అంటారు. అబద్ధం కాదు, నిజంగానే చూపించగలరు. కానీ చేపలెక్కడున్నాయో తెలిసిన మనిషి, ఏటికేడు మెరుగయ్యే వలతో పట్టింది చూస్తే ఆ మనిషి నేర్పు తెలుస్తుంది. నిల్వ సంగతి తెలియదు.

లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. నౌక 3 నాట్ల (గంటకు 3 నాటికల్ మైళ్ల) వేగంతో 30 నిమిషాలు ఈడిస్తే 1.5 నాటికల్ మైళ్లు, అంటే 2.78 కిలోమీటర్లు పోతుంది. వల రెండు రెక్కల కొసల మధ్య దూరం 17 మీటర్లనుకుంటే ఊడ్చిన మేర 0.0472 చదరపు కిలోమీటర్లు. అందులో 85 కిలోల కాడ్ చేప పడితే చదరపు కిలోమీటరుకు 1,800 కిలోలు. ఆ లోతు మండలం (ఇంచుమించు ఒకే లోతుండే మేర) 12,000 చదరపు కిలోమీటర్లుండి, సగటు కూడా ఇదే అయితే నిల్వ 21,600 టన్నులు. గుణకారం, భాగహారం, అంతే.

ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం. ట్రాల్ వల నోరు తెరుచుకుని ఉండటానికి ముందు రెండు బరువైన ఆటర్ బోర్డులుంటాయి. నీటి ఒత్తిడికి అవి చెరో పక్కకీ తోసుకుపోతాయి. బోర్డుకీ వల రెక్కకీ మధ్య పొడవాటి స్వీప్ తాళ్లు ఉంటాయి. ఆ తాళ్లు అడుగున బురద లేపుతూ వస్తుంటే కొన్ని చేపలు బెదిరి లోపలికి, వల దారిలోకి వస్తాయి. మరి ఊడ్చిన వెడల్పు కింద రెక్కల మధ్య 17 మీటర్లను తీసుకోవాలా, బోర్డుల మధ్య ఉన్న 60 మీటర్లను తీసుకోవాలా? రెండోది తీసుకుంటే అదే 85 కిలోలకు చదరపు కిలోమీటరుకు 510 కిలోలొస్తాయి. నిల్వ 6,120 టన్నులు. వల అదే, చేప అదే, సముద్రమూ అదే. జవాబు మాత్రం మూడున్నర రెట్లు తేడా. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది, అదీ జాతిని బట్టి మారుతుంది. నాలుక చేపల్లాంటి బల్లపరుపు చేపలు తాడు తగలగానే కాస్త దూరం ఈది మళ్లీ అడుక్కి దిగుతాయి, తాడు మళ్లీ వచ్చి తగులుతుంది, అలా కొన్ని వల నోటి దాకా చేరతాయి. పీతకు ఆ పరుగు లేదు, తాడు దాని మీదుగా పోతుంది.

ఈ తేడాలన్నిటినీ మూటగట్టి ఒక గుణకంలో పెడతారు. పేరు క్యాచబిలిటీ, రాతలో ఒక్క అక్షరం, క్యూ. సర్వే అంకె = క్యూ × అసలు నిల్వ. క్యూ ఒకటి అంటే వల దారిలో ఉన్న ప్రతి చేపా వల కొసన ఉండే సంచిలో పడిందని, దారి బయటిది ఒక్కటీ రాలేదని అర్థం. అలాంటి వల లేదు. అయినా "కనీస నిల్వ" అన్న పేరుతో క్యూని ఒకటిగా పెట్టి టన్నులు అచ్చేసే అలవాటు పోలేదు. ఆ "కనీస" అన్న మాటా నమ్మదగ్గది కాదు. స్వీప్ తాళ్లు చేపను లోపలికి తోలే జాతికి రెక్కల వెడల్పుతో లెక్కేస్తే క్యూ ఒకటిని దాటిపోవచ్చు. కనీసం అనుకున్నది కాస్తా గరిష్ఠమై కూర్చుంటుంది.

క్యూని విడగొట్టి చూస్తే మూడు ప్రశ్నలు. సర్వే జరిగే రోజుల్లో చేప సర్వే హద్దుల్లో ఉందా? ఉంటే వల నోటి ఎత్తు లోపల ఉందా, పైన ఈదుతోందా? ఎదురుపడ్డ చేపలో ఎంత సంచిలో మిగిలింది? మూడో ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఒక మంచి ప్రయోగం ఉంది. అసలు వల అడుగు తాడు వెనక, కింద, ఇంకో చిన్న వల కడతారు. అడుగు తాడు కిందుగా తప్పించుకున్నవి అందులో పడతాయి. రెండింటినీ పొడవు వారీగా పోల్చితే ఏ సైజు చేప ఎంత జారిపోతోందో తెలుస్తుంది. మొదటి రెండు ప్రశ్నలకు ఇంత తేలికైన ప్రయోగం లేదు.

రెండోదాని సంగతే తీసుకోండి. బేరింగ్ సముద్రపు సర్వే వల నోరు రెండు మూడు మీటర్ల ఎత్తే తెరుచుకుంటుంది. ఉత్తర సముద్రపు అంతర్జాతీయ సర్వేలో వాడే గోవ్ వల అంతకంటే ఎత్తుగా తెరుచుకునేలా కుట్టింది, దాని ఫ్రెంచి పేరులోనే ఆ సంగతి ఉంది. కాడ్ లాంటి చేప పొద్దును బట్టి లేస్తుంది, దిగుతుంది. అందుకే చాలా సర్వేలు పగటిపూట మాత్రమే వల వేస్తాయి. రాత్రీ పగలూ వేసే సర్వేల్లో ఏటేటా ఆ నిష్పత్తి మారితే అంకె కదులుతుంది. పైగా నౌక చప్పుడుకు చేప కిందికి దిగుతుంది. అంటే వల నోటికి పైన ఉన్నదీ కొంత వలలోకే వస్తుంది. ఈ గొడవ తగ్గించడానికి పరిశోధక నౌకల చప్పుడుకు 1995లో ఐసీఈఎస్ (సముద్ర పరిశోధనల అంతర్జాతీయ మండలి) ఒక పరిమితి సూచించింది. అయితే ఆ పరిమితికి తగ్గట్టు కట్టిన నార్వే నౌకకు హెర్రింగ్ చేపలు పాత మోత నౌక కంటే ఎక్కువ బెదిరాయని తర్వాత తేలింది. హెర్రింగ్ అడుగు చేప కాదు, నిజమే. కానీ నౌక మారితే చేప ఎటు మారుతుందో ముందే చెప్పగలం అనుకునేవాళ్లకు ఆ ఒక్క ఫలితం చాలు.

సరే, క్యూ ఎంతో తెలియదు. తెలియకపోతే మునిగిపోయిందేమీ లేదు. రోజూ ఐదు కిలోలు ఎక్కువ చూపించే తూకం మీద కూడా మనిషి బరువు తగ్గుతున్నాడో పెరుగుతున్నాడో తెలుస్తుంది. సర్వే అంకెను సూచికగా వాడినంతకాలం క్యూ 0.4 అయినా 0.9 అయినా ఇబ్బంది లేదు. నిల్వ అంచనా నమూనాలు పట్టుబడి లెక్కలు, వయసు లెక్కలు, సర్వే సూచిక కలిపి క్యూని తామే అంచనా వేసుకుంటాయి. ప్రాణం తీసేది జరుగుబాటు, అంటే క్యూ ఏటికేడు కొంచెం కొంచెంగా పక్కకు జరిగిపోవడం. క్యూ ఏడాదికి 3 శాతం చొప్పున ఎవరూ గమనించకుండా పెరిగిందనుకోండి. పదేళ్లకు 34 శాతం. నిల్వ ఉన్నచోటే ఉంటే, గ్రాఫు మాత్రం మూడో వంతు పెరిగిందంటుంది. నిల్వ నాలుగో వంతు తగ్గిపోయినా గీత నిలకడగా కనబడుతుంది. ఎన్ని ఈడ్పులు ఎక్కువ వేసినా ఇది సర్దుకోదు. ఈడ్పుల సంఖ్యను నాలుగింతలు చేస్తే యాదృచ్ఛిక దోషం సగమవుతుంది. జరుగుబాటు చెక్కుచెదరదు, పైపెచ్చు అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే దోషపు గీతలు సన్నబడి తప్పు అంకె మరింత నమ్మకంగా కనబడుతుంది.

క్యూ జరిగే లెక్కను నమ్మితే ఏమవుతుందో చూడాలంటే కెనడా ఉత్తరపు కాడ్ కథ చాలు. 1980లలో వాణిజ్య ట్రాలర్ల గంట పట్టు బాగానే ఉంది. ఉంటుంది మరి. వలలు, యంత్రాలు, చేపల జాడ చూపే సాధనాలు మెరుగవుతున్నాయి. మిగిలిన చేప గుంపులుగా దగ్గరయ్యేది, పడవలు ఆ గుంపుల మీదికే పోయేవి. పరిశోధక నౌక సర్వే అంత ఉత్సాహంగా లేదు. అంచనాల్లో రెండింటినీ కలిపి చూడటంతో నిల్వ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడింది. 1992 జులై 2న వేట ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి ఆ నిల్వలో మిగిలింది బహు తక్కువ. మంచి వలతో, మంచి సరంగుతో, మంచి చోట పట్టిన అంకె ఎందుకు పనికిరాదో చెప్పడానికి నాకింతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక సర్వేలో జరుగుబాటు ఎక్కడెక్కడి నుంచి దూరుతుందో చూడాలి. పెద్ద మార్పులు ఎవరికైనా కనబడతాయి. కొంపముంచేవి చిన్నవే.

మొదటిది, వలను లాగే వైరు. రెండు బోర్డులకు రెండు వైర్లు. వాటి మీద సమాన దూరాల్లో గుర్తులు పెట్టి, వైరు చుట్టే యంత్రం విన్చి దగ్గర నిలబడి ఆ గుర్తులు చూసుకుంటూ వదులుతారు. వాడుతూ ఉంటే వైరు సాగుతుంది, అందులోనూ రెండూ ఒకేలా సాగవు. ఒకటి పొడవైతే ఒక బోర్డు వెనకబడుతుంది, వల నోరు వంకరపోతుంది, అడుగు తాడు ఒక మూల నేల వదులుతుంది. అమెరికా ఈశాన్య తీరంలో ఆల్బట్రాస్ 4 నౌక మీద ఇలాంటి తేడాయే 2002 సెప్టెంబరులో బయటపడింది. రెండు వైర్ల గుర్తులకు పొంతన లేదు. తేడా వంద మీటర్ల దగ్గర అంగుళం మాత్రమే, మూడు వందల మీటర్ల దగ్గర దాదాపు ఆరడుగులు. 2000 శీతాకాలం నుంచి 2002 వసంతం దాకా ఎనిమిది సర్వేలు అలాగే జరిగిపోయాయి. తర్వాత పరీక్షిస్తే చేపల పట్టు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. కానీ ఆ మాట చెప్పేసరికి వినే మత్స్యకారుడు లేడు. వాళ్లు దానికి వాటర్‌గేట్ కుంభకోణాన్ని గుర్తుచేసేలా ట్రాల్‌గేట్ అని పేరు పెట్టేశారు. వైర్లను పక్కపక్కన పరిచి టేపుతో కొలిచే పనికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట మిగుల్చుకోబోయి ఎనిమిది సర్వేల పరువు పోయింది.

వైరు ఎంత వదలాలన్నదీ రాసి ఉండాలి, సరంగు చేతివాటానికి వదలకూడదు. లోతు తక్కువ ఉన్నచోట లోతుకు మూడింతలో ఇంకా ఎక్కువో వదులుతారు, లోతు పెరిగే కొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతుంది. తక్కువ వదిలితే వైరు బోర్డులను పైకి లాగి అడుగు తాడు నేల మీద ఎగురుతుంది. బల్లపరుపు చేపలు, పీతలు కిందుగా పోతాయి. ఎక్కువ వదిలితే బోర్డులు బురదలో కూరుకుంటాయి, సంచి మట్టితో నిండుతుంది. యంత్రాలు చెప్పకముందే దీన్ని పసిగట్టే గుర్తులు రెండున్నాయి. బోర్డు అడుగున ఉండే ఇనుప పట్టీ పైకి రాగానే ఎక్కడ మెరుస్తోందో చూడాలి. పొడవునా సమంగా మెరిస్తే బోర్డు నిటారుగా నడిచింది. మడమ వైపు మాత్రమే మెరిస్తే ముందు భాగం ఎత్తుకుని నడిచింది. రెండోది సంచిలోని చెత్త. నక్షత్ర చేపలు, గవ్వలు, చిన్న పీతలు రోజూ వచ్చే చోట ఒకరోజు ఏమీ రాకపోతే ఆ వల అడుగును ముట్టలేదు. చేప బాగానే పడిందన్న సంతోషంతో అలాంటి ఈడ్పును లెక్కలో కలిపేస్తుంటారు, కలపకూడదు.

లోతుతో పాటు వెడల్పు మారడం ఇంకో చిక్కు. వైరు ఎక్కువ వదిలిన కొద్దీ బోర్డులు ఇంకా దూరం జరుగుతాయి, రెక్కలు విచ్చుకుంటాయి, నోరు కిందికి వస్తుంది. లోతు తక్కువ నీటిలో రెక్కల మధ్య 16 మీటర్లే ఉంటే, అన్నిచోట్లా 17 అని లెక్కేసినందుకు అక్కడి సాంద్రత 6 శాతం తక్కువ కనబడుతుంది. ప్రతి ఈడ్పులోనూ సెన్సారుతో వెడల్పు కొలిచి దాంతోనే భాగించాలి. సెన్సారు పనిచేయని ఈడ్పుకు మొత్తం సగటు వేయకుండా లోతు, వైరు పొడవుల మీద గీసిన గీత నుంచి తీసుకోవాలి. నార్వే వాళ్లు ఇంకో దారి పట్టారు. బోర్డులకు ముందు రెండు వైర్ల మధ్య ఒక తాడు కట్టేస్తారు, లోతు ఎంతైనా బోర్డులు ఒక హద్దు దాటి విచ్చుకోవు. నాకిదే ఎక్కువ నచ్చుతుంది. కొలిచి సరిదిద్దడం కంటే మారకుండా కట్టేయడం మేలు. ఎందుకంటే వెడల్పు మారితే మారేది వైశాల్యం ఒక్కటే కాదు. స్వీప్ తాళ్ల కోణం మారుతుంది, నోటి ఎత్తు మారుతుంది, చేపను తోలే తీరూ మారుతుంది. వాటిని భాగహారం సరిచేయలేదు.

ఈడ్పు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది వినడానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. విన్చి ఆగినప్పుడు గడియారం మొదలుపెట్టి, విన్చి తిప్పడం మొదలైనప్పుడు ఆపితే, వైరు చుడుతున్నప్పుడు కూడా వల అడుగు మీద రెండు నిమిషాలు నడుస్తుంది. ఆ రెండు నిమిషాల చేప లెక్కలోకి వస్తుంది, దూరం రాదు. అరగంట ఈడ్పులో అది 7 శాతానికి కొంచెం తక్కువ, పావుగంట ఈడ్పులో 13 శాతానికి పైన. ఖర్చు తగ్గించడానికి ఈడ్పు సమయం సగం చేద్దామనేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. అడుగు తాడుకు వంపు సెన్సారు కట్టి, అది నేలను తాకిన క్షణం నుంచి వదిలిన క్షణం దాకా జీపీఎస్ దూరం తీసుకుంటే ఈ తగాదా చాలావరకు తీరిపోతుంది. ప్రవాహం తగాదా మాత్రం మిగులుతుంది. వేగాన్ని నేల మీద చూసుకోవాలా, నీటిలో చూసుకోవాలా అంటే ఏ సర్వే మాన్యువల్ ఏది చెబితే అదే. ప్రవాహంతో పాటు ఈడిస్తే వలకు నీటి ఒత్తిడి తగ్గి బోర్డులు దగ్గరవుతాయి, ఎదురీడిస్తే వల తేలిపోతుంది. రెండూ మనకు తెలిసినవే కనుక దిక్కు కూడా రాసి పెట్టుకోవాలి.

వల సంగతికొస్తే, కన్ను వాడకంలో బిగుసుకుంటుంది. సంచి లోపలి చిన్న కన్ను వల ఒకచోట చిరిగినా పిల్ల చేప మొత్తం జారిపోతుంది, పెద్ద చేప తూకం మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి తప్పు జరిగిందని తూకం చూస్తే తెలియదు, పొడవుల పట్టిక చూస్తేనే తెలుస్తుంది. వల పై అంచును తేల్చే బెండ్లు ఒకటి రెండు పగిలితే నోటి ఎత్తు పోతుంది. గొలుసు ఒక్క లింకు పొడవైతే అడుగు తాడు నడక మారుతుంది. ప్రతి విడతకు ముందు నక్షా పక్కన పెట్టుకుని వలను కొలవడం, కొలతలు రాసి సంతకం చేయడం తప్పదు. ఇక్కడ నేను భయపడేది నిర్లక్ష్యానికి కాదు, మంచి పనివాడికి. చిరిగిన చోట కుడుతూ "ఇక్కడ ఇలా ఉంటే ఇంకా బాగా తెరుచుకుంటుంది" అని చిన్న సవరణ చేసేస్తాడు. వాణిజ్య పడవలో అది నేర్పు. సర్వేలో అదే జరుగుబాటు.

డెక్కు మీద జరిగే తప్పులు చిన్నవిగా కనబడతాయి కానీ ఒక్కో ఈడ్పుకు టన్ను దాటి పడినప్పుడు అక్కడే లెక్క చెడుతుంది. మొత్తం తూచలేం కనుక కొంత భాగం తీసి, దాన్నుంచి పెంచి లెక్కేస్తాం. సంచి విప్పగానే కుప్పలో చేప సమంగా కలిసి ఉండదు. పెద్దవి జారి అంచులకు పోతాయి, బల్లపరుపువి కింద అతుక్కుంటాయి, చిన్నవి మధ్య సందుల్లో దిగుతాయి. పైనుంచి రెండు గంపలు తీస్తే వచ్చేది కుప్ప పైభాగం నమూనా మాత్రమే. ముందు పెద్ద చేపల్ని, అరుదైన జాతుల్ని కుప్ప మొత్తం నుంచి ఏరి విడిగా తూచాలి. మిగిలినదాన్ని బెల్టు మీద పారిస్తూ నిర్ణీత వరసలో ప్రతి ఆరో గంపో, ఎనిమిదో గంపో పక్కన పెట్టాలి, ఏ గంప అన్నది ముందే తేల్చుకోవాలి. చేతికి అందిన గంప తీసే మనిషి తనకు తెలియకుండానే పెద్ద చేప ఉన్నదాన్ని ఎంచుకుంటాడు. చేప వయసు తేల్చడానికి దాని తల లోపలి చెవిరాళ్లు తీసేటప్పుడు ఒక్కో సెంటీమీటరు తరగతికి ఇన్నని కోటా పెట్టుకుంటారు. ఆ కోటా మొదటి రెండు రోజుల్లోనే ఒకే చోటి చేపతో నిండిపోతే, సముద్రం మొత్తానికి ఆ మూల వయసు–పొడవు పట్టికే దిక్కవుతుంది. కోటాను ప్రాంతాల వారీగా విడగొట్టాలి.

గణితం దగ్గరికొస్తే, పది ఈడ్పులున్న ఒక మండలంలో తొమ్మిదింటిలో కలిపి 180 కిలోలు, పదోదానిలో 3,200 కిలోలు పడ్డాయనుకోండి. సగటు 338. ఆ ఒక్కటి తీసేస్తే 20. తీసేయడానికి చేయి దురద పెడుతుంది. తీసేయకూడదు, ఆ చేప అక్కడ నిజంగానే ఉంది. గుంపుగా తిరిగే జాతికి సముద్రం అలాగే ఉంటుంది. అలాగని ఆ ఏడు నిల్వ పదిహేడింతలైందని ప్రకటించనూ కూడదు. చేప పడే అవకాశాన్నీ, పడితే ఎంత పడుతుందన్నదాన్నీ విడివిడిగా అంచనా వేసి కలిపే డెల్టా పద్ధతి ఇక్కడ ఒక దారి. పక్కపక్క చోట్ల మధ్య, పక్కపక్క ఏళ్ల మధ్య ఉండే పోలికను వాడుకునే స్థల–కాల నమూనాలు ఇంకో దారి. ఇవి పట్టు చాలని మూలల్ని పూడుస్తాయి, దోషపు గీతల్ని సన్నబరుస్తాయి. వాటితో నాకు పేచీ లేదు. కానీ నమూనా అంకె పక్కనే మండలాల సగటుతో వచ్చిన పాత తరహా అంకె కూడా ఎప్పుడూ ఉండాలి. రెండూ విడిపోయిన ఏడాది ఏ ఈడ్పు వల్ల విడిపోయాయో వెళ్లి చూడాలి. అక్కడ తరచూ దొరికేది గణితపు చిక్కు కాదు, డెక్కు మీదో వైరు దగ్గరో ఒక పొరపాటు.

వల వేయలేని రాతి నేల గురించి ఒక్క మాట. కొన్ని సర్వేల్లో గడిలో ఎక్కడా నునుపు నేల దొరక్కపోతే గంటో రెండు గంటలో వెతికి, వదిలేసి పక్క గడికి పోతారు. తర్వాత లెక్కలో ఆ రాతి మేరకూ నునుపు నేల సాంద్రతే వేస్తారు. రాళ్ల మధ్యే ఉండే రాక్‌ఫిష్ లాంటి వాటికి ఇది శుద్ధ తప్పు. అక్కడ కెమెరాలు దించాలి, అంతకు మించి వాదించడానికేమీ లేదు.

నా వాదనకు గట్టి ఎదురు వాదన ఒకటుంది, అది నిజమైనదే. వలను ఎంత బిగించి పెట్టినా చేప మారితే క్యూ మారుతుంది కదా? మారుతుంది. తూర్పు బేరింగ్ సముద్రంలో అడుగు నీరు 2 డిగ్రీల సెల్సియస్‌ కంటే తక్కువ ఉండే చల్లటి మడుగు ఒకటి ఏటేటా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కాడ్, పొలాక్ చాలావరకు దాన్ని దాటి ఉత్తరానికి పోవు. అది కుంచించుకుపోయిన ఏళ్లలో కాడ్ ఉత్తర బేరింగ్‌లోకి వెళ్లిపోయింది. 2010లో అక్కడ సర్వే చేసినప్పుడు కాడ్ చాలా తక్కువ, 2017లో మళ్లీ చేస్తే పెద్ద ఎత్తున కనబడింది. దక్షిణపు సర్వే ఒక్కటే చూసినవాళ్లకు చేప మాయమైనట్టుంటుంది. అక్కడి పసుపు రెక్కల నాలుక చేప అంచనాలోనైతే క్యూని అడుగు నీటి వేడిమితో ముడిపెట్టి లెక్కేస్తారు, చల్లటి ఏట అది తక్కువ పడుతుందని.

అయితే దీనికి మందు వల మార్చడం కాదు. హద్దు పెంచండి, పాత హద్దు లోపల మాత్రం పాత చోట్లు, పాత వల, పాత తేదీలు ఉంచండి. కొత్త మేరను వేరే మండలంగా కలపండి. ప్రతి ఈడ్పుకూ అడుగు నీటి వేడిమి కొలవండి. వల స్థిరంగా ఉంటేనే మిగిలిన కదలిక చేపదో నీటిదో విడదీయగలం. వల, నౌక, చేప మూడూ ఒకేసారి కదిలితే విడదీయడం ఎవరి వల్లా కాదు. సర్వే అసలే మానేస్తే ఇంకా ఘోరం. 2020లో ఆ సర్వే జరగలేదు. 2018లో విస్తారంగా ఉన్న మంచు పీత 2021లో లెక్కకొచ్చేసరికి కుప్పకూలి ఉంది. మధ్యలో ఆ ఒక్క ఏడాది అంకె ఉంటే పతనం ఎప్పుడు, ఎంత వేగంగా జరిగిందన్న వాదులాట చాలా తగ్గేది.

ఇక నౌకకు వయసైపోతే ఏం చేయాలి? మార్చక తప్పదు. ఈశాన్య అమెరికాలో 1963 శరదృతువులో మొదలైన సర్వేకి 1985లో బోర్డులు మారాయి, 2009లో నౌకా వలా కలిసే మారాయి. ఆల్బట్రాస్ 4 మీద 3.8 నాట్లతో 30 నిమిషాలు ఈడ్చేవారు, కొత్త నౌక బిగెలో మీద 3 నాట్లతో 20 నిమిషాలు. అంటే పాత, కొత్త ఈడ్పుల పొడవే సగానికి దగ్గరగా మారింది. అందుకని 2008లో రెండు నౌకల్నీ పక్కపక్కన నడిపి వందలాది జత ఈడ్పులు వేశారు. ఆ పని ఎలా చేయాలో వివరంగా రాసుకోవడం మంచిది, ఎందుకంటే పాత నౌక పోయాక జతలు మళ్లీ దొరకవు.

రెండు నౌకలూ ఒకే సమయానికి, ఒకే లోతులో, ఒకదాని చప్పుడు ఇంకోదాని చేపను చెదరగొట్టనంత ఎడంగా నడవాలి. ఎడమ కుడి పక్కలు మార్చుకుంటూ ఉండాలి. ఏ నౌకకా నౌక తన సొంత మాన్యువల్ ప్రకారమే వేగం, సమయం పాటించాలి. పోల్చేది వలల్ని కాదు, పద్ధతుల్ని మొత్తంగా. చేప బాగా పడే చోట్లకే పోయి జతలు వేస్తే పెద్ద సంఖ్యలు వస్తాయి కానీ తక్కువ సాంద్రతలో నిష్పత్తి ఎలా ఉంటుందో తెలియదు. సర్వేలో సగం చోట్లు అలాంటివే. రెండింటిలోనూ సున్నా వచ్చిన జత ఏమీ చెప్పదు. ఒకదానిలో సున్నా, ఇంకోదానిలో మూడు చేపలు వచ్చిన జత చాలా చెబుతుంది, దాన్ని పారేయకూడదు. జాతికి ఒక్క గుణకం కట్టి ఊరుకోకూడదు, పొడవు తరగతుల వారీగా కట్టాలి. కొత్త వల పిల్ల చేపను ఐదింతలు, పెద్ద చేపను ఒకటిన్నర రెట్లు పడితే ఒకే గుణకంతో పాత ఏళ్ల పిల్ల చేపల అంకెలన్నీ తప్పిపోతాయి. ఆ గుణకపు దోషాన్ని కూడా తర్వాతి లెక్కల్లోకి మోసుకెళ్లాలి, గుణించేసి మరిచిపోకూడదు. జతల్లో సరిపడా పడని జాతులుంటే వాటికి గుణకం అల్లే ప్రయత్నం మానేసి, సిరీస్‌ను రెండు ముక్కలుగా విడగొట్టి, రెండింటికీ వేర్వేరు క్యూలు ఇవ్వాలి. గ్రాఫులో ఆ గీత తెగినట్టే గీయాలి, చుక్కలతో కూడా కలపకుండా.